జెన్షియన్ వయొలెట్ ఏ పుండుకు పూయవచ్చు, దేనికి పూయకూడదు?

ప్రశ్న | రామంతాపూర్ నుంచి

మేము రామంతాపూర్‌లో ఇంటి కింది వాటాలో చిన్న కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాము. వానలు మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో ముగ్గురికి మూడు రకాల చర్మపు బాధలు వచ్చాయి. ముగ్గురికీ ఒకే సీసా చాలునని మా అత్తగారు అంటున్నారు, చాలదేమోనని నా భయం. ఆ సీసాలో ఉన్నది జెన్షియన్ వయొలెట్. ఇంట్లో అందరమూ దాన్ని నీలం మందు అంటాము కానీ దాని రంగు ముదురు ఊదా. ఆరు నెలల క్రితం కోఠిలో ఒక మందుల దుకాణంలో కొన్నాము, సీసా మీద 1 శాతం అని ఉంది.

అత్తగారికి 61 ఏళ్ళు. కూరగాయలు కడగడం, గిన్నెలు తోమడం, బియ్యం కడగడం అన్నీ ఆవిడవే కావడంతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేతులు నీళ్ళలోనే ఉంటాయి. కుడిచేతి మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ చర్మం నాని, తెల్లబడి, పొరలుగా లేస్తోంది. ఆ తెలుపు నడుమ ఎర్రగా పచ్చిగా ఉన్న చోట కారం తగిలితే ఆవిడకు కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి. మా వారికి గజ్జల్లోనూ, నడుము చుట్టూ మొలతాడు ఆనే చోటా గుండ్రటి మచ్చలు వచ్చాయి. అంచులు ఎర్రగా పొంగి, మధ్యలో చర్మం కాస్త మామూలుగా ఉంటుంది, దురద మాత్రం రాత్రిపూట నిద్ర పట్టనివ్వదు. ఆయన దుకాణంలో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నారు. అది రాసిన రెండు రోజులకే దురద అణుగుతుంది, మానేసిన వారానికి మచ్చ మునుపటికన్నా పెద్దదై తిరిగి వస్తుంది. నాలుగు నెలలుగా ఇదే వరస. ఇక ఆరేళ్ళ మా అబ్బాయికి ముక్కు కింద, పెదవి మూలన చీముపొక్కులు లేచి, చితికి, తేనె రంగు పెచ్చులు కట్టాయి. మోకాలి మీద కూడా అలాంటివి రెండు ఉన్నాయి. జ్వరం లేదు, ఆటలు మానలేదు.

తన పిల్లలందరికీ ఈ మందే పూసి పెంచానని అత్తగారు చెప్పే మాట అబద్ధం కాదు. ఆవిడ అనుభవాన్ని కాదనాలని నాకు లేదు. కానీ బిడ్డ ముఖం మీద పూసేముందు తెలిసినవారిని ఒక్కసారి అడగాలనిపించింది. ఈ మందు దేనికి పనిచేస్తుంది, ఎంత బలంలో, ఎన్ని రోజులు పూయాలి, ఎక్కడ పూయకూడదు అన్నది దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం | విశ్రాంత స్టాఫ్ నర్సు, మలక్‌పేట

అమ్మా, నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డులో 30 ఏళ్ళు పనిచేశాను. చేతివేళ్ళకు ఊదారంగు అంటని వారం ఉండేది కాదు. మీ అత్తగారు చెప్పింది నిజమే, ఇది మంచి మందే. నెలల పిల్లల ఒంటి మీద నాలుగైదు చీముపొక్కులు కనిపిస్తే పూయడానికి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణలో నేర్పించింది ఈ మందునే. అయితే ఆ శిక్షణలో మందు పేరుతోపాటు మూడు సంగతులు చెప్పేవారు, ఇళ్ళలో మందు పేరు నిలిచి ఆ మూడూ జారిపోయాయి.

మొదటిది బలం. చర్మానికి నేర్పింది 0.5 శాతం ద్రావణం, నోటిలోని పూతకు అందులో సగం, అంటే 0.25 శాతం. మీ సీసాలో 1 శాతం ఉంది. దానికి సమానంగా కాచి చల్లార్చిన నీళ్ళు కలిపితే 0.5 శాతం అవుతుంది. ఒకసారికి కావలసినంతే శుభ్రమైన చిన్న గిన్నెలో కలుపుకోవాలి, మిగిలినది పారబోయాలి, తిరిగి సీసాలో పోయకూడదు. ఎక్కువ బలం ఉంటే త్వరగా మానుతుందని చాలామంది అనుకుంటారు. చంకలు, గజ్జలు, వేళ్ళ సందులు వంటి ఒరుసుకునే చోట్ల బలమైన ద్రావణం చర్మాన్నే కాల్చి కొత్త పుండు చేస్తుంది.

రెండవది కడగడం. పెచ్చు మీద పూసిన మందు పెచ్చుకే అంటుతుంది, కింద ఉన్న చీము దగ్గరకు చేరదు. ముందు పూసేవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డను పెచ్చు మీద కొంతసేపు ఉంచి, అది నానాక సబ్బునీళ్ళతో నెమ్మదిగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు దూదిపుల్లతో పలచగా పూయాలి. పూశాక మళ్ళీ చేతులు కడుక్కోవాలి. రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. నా అనుభవంలో సగం గుణం ఈ కడగడంలోనే ఉంది. మందు మరిచిపోయినా కడగడం మరవని తల్లుల బిడ్డలు బాగుపడటం చూశాను. కడగకుండా రోజూ మందు పూసిన తల్లులు వారం తరువాత పెద్ద గడ్డతో బిడ్డను తీసుకురావడమూ చూశాను.

మూడవది ఎక్కడ ఆపాలన్నది. అయిదు రోజులకు తగ్గకపోతే, కొత్తవి లేస్తుంటే, పొక్కుల చుట్టూ ఎరుపు పాకుతుంటే, జ్వరం వస్తే మందు మార్చవలసింది మీరు కాదు, వైద్యులు. రెండు నెలల లోపు బిడ్డకైతే పొక్కులు పదికి చేరినా, ఒక్క పెద్ద గడ్డ లేచినా ఇంట్లో పూతలు పూస్తూ కూర్చోకూడదని మాకు చెప్పేవారు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. మోకాలి మీది పొక్కులకు ఇలా పూయవచ్చు. ముఖానికి మాత్రం వద్దమ్మా. పచ్చిగా, ఎర్రటి కండ తేలి ఉన్న పుండు మీద ఈ రంగు పూస్తే, పుండు మానేటప్పుడు కొత్త చర్మం కిందే రంగు చిక్కుకుపోయి పచ్చబొట్టులా శాశ్వతంగా మిగిలిపోవచ్చు. మా బంధువుల అమ్మాయికి చిన్నప్పుడు గడ్డం మీద పుండుకు రోజూ పూశారు. ఇప్పుడామెకు పెళ్ళయి పిల్లలున్నారు, గడ్డం మీద ఆ నీలి చుక్క అలాగే ఉంది. పైగా ముక్కు కింద పూసింది చేత్తో రుద్దుకుంటే కంటిలోకి చేరుతుంది, కంటికి ఇది చాలా హాని చేస్తుంది. నోటిలోకి ఎక్కువగా పోతే నోరు, గొంతు పుండు పడతాయి. ముఖం మీది వాటికి మీ దగ్గరలోని బస్తీ దవాఖానాలో చూపించండి, రంగులేని లేపనం ఇస్తారు.

ఇంకొక మాట, దీన్ని చిన్నదిగా తీసుకోకండి. ఇలాంటి చీముపొక్కులు కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తాయి. చర్మం మానిన రెండు మూడు వారాలకు ఏ ఒక్కరిద్దరు పిల్లలకో మూత్రపిండాలు వాచే ప్రమాదం ఉంది. పొద్దున లేవగానే కళ్ళ చుట్టూ ఉబ్బు కనిపించినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.


సమాధానం | మైక్రోబయాలజీ ప్రయోగశాల ఉద్యోగి, తార్నాక

పైన నర్సమ్మగారు చెప్పినదానికి ఇది ఎందుకు కొన్నింటిమీదే పనిచేస్తుందన్న వివరం జోడిస్తాను, ఎందుకంటే నేను రోజూ చేతపట్టే రంగు ఇదే. దీని రసాయన నామం క్రిస్టల్ వయొలెట్. జెన్షియన్ అనే కొండపువ్వు రంగును పోలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది గాని, ఆ మొక్కతో దీనికి సంబంధం లేదు. 19వ శతాబ్దంలో బట్టల అద్దకానికి తయారుచేసిన కృత్రిమ రంగులలో ఇది ఒకటి. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఈ రంగుతోనే సూక్ష్మజీవులను రెండు తెగలుగా విడదీసే పద్ధతిని ప్రకటించారు. ఊదారంగును పట్టి ఉంచుకునేవి గ్రామ్ పాజిటివ్, వదిలేసేవి గ్రామ్ నెగటివ్. అద్దకపు రంగు మందుగా మారడానికి ఆపైన మరికొంత కాలం పట్టింది. ఈ రంగు గ్రామ్ పాజిటివ్ జీవులనే ఎక్కువగా అణచివేస్తుందని 1912లో జాన్ చర్చ్‌మన్ చూపించారు.

గ్రామ్ నెగటివ్ జీవులకు పైన మరొక పొర ఉంటుంది, అది ఈ రంగును లోపలికి సులువుగా రానివ్వదు. చీముపొక్కులకు కారణమైన స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ రెండూ గ్రామ్ పాజిటివ్ కాబట్టి ఈ మందుకు లొంగుతాయి. నోటిపూతకూ, వేళ్ళ సందుల తెల్ల పుండుకూ కారణమయ్యే క్యాండిడా అనే ఫంగస్ కూడా లొంగుతుంది. అదే పుండు పచ్చటి చీముతో దుర్వాసన వేస్తూ ఉంటే, అందులో సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ జీవి ఉండవచ్చు. అక్కడ ఈ రంగు పూస్తూ కాలయాపన చేయడం మంచిది కాదు. అత్తగారి వేళ్ళ మధ్య పుండు, మీరు వర్ణించిన తీరు చూస్తే, నీళ్ళలో చేతులు నానేవారికి వచ్చే క్యాండిడా పుండులా ఉంది. కుడిచేతి ఆ రెండు వేళ్ళ నడుమ రావడం దానికి మామూలే.

ఒక విన్నపం కూడా ఉంది. మీ వారికి పరీక్ష చేయించదలిస్తే ముందుగా ఈ రంగు పూయకండి. మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఫంగస్ పోగులు సన్నటి పారదర్శకమైన గీతల్లా కనిపించాలి. పొట్టంతా ఊదారంగు పట్టి ఉంటే మాకు ఏమీ తేలదు. తెలిసినవారు ప్రయోగశాలల్లో ఉన్నారని అక్కడి సీసా తెచ్చి పూసుకునేవారినీ చూశాను. మేము గాజుపలక మీద వాడే ద్రావణంలో రంగు 2 శాతం ఉంటుంది, స్పిరిట్, అమ్మోనియం ఆక్సలేట్ కూడా కలుస్తాయి. అది ఒంటికి పూయదగినది కాదు.


సమాధానం | ఫార్మసిస్టు, కోఠి

మా దుకాణానికి వచ్చి నీలం మందు ఇవ్వమనేవారు చాలామంది ఉన్నారు. ఆ మాట ఒక్కటే అంటే పొరపాటు జరిగే అవకాశం ఉంది. బట్టలకు పెట్టే నీలం వేరు, ఇది వేరు. బట్టల నీలం పుండుకు పూసే వస్తువు కాదు. అలాగే పాత ఇళ్ళలో ఉండే ఎర్ర మందు, అంటే మెర్క్యురోక్రోమ్, పాదరసం ఉన్న మందు; అది ఇంకా ఇంట్లో మిగిలి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. జెన్షియన్ వయొలెట్ అని పూర్తి పేరు చెప్పి, ఎంత శాతమో చదివి, గడువు తేదీ చూసి కొనండి. మీ సీసా ఆరు నెలల క్రితం కొన్నది. మూత దగ్గర రంగు గడ్డకట్టి ఉన్నా, అడుగున మడ్డి పేరుకున్నా నీళ్ళు కలపడం వల్ల లెక్క సరిగా రాదు, కొత్తది కొనుక్కోవడమే మంచిది. గచ్చు మీదా చేతుల మీదా పడిన మరక స్పిరిట్‌తో చాలావరకు పోతుంది. పుండు ఉన్న చోట మాత్రం స్పిరిట్ పెట్టి రుద్దకండి, కొద్ది రోజుల్లో పైపొట్టుతోపాటే ఆ రంగు పోతుంది.


అడిగినవారి నుంచి

అందరికీ నమస్కారాలు. అబ్బాయి ముఖానికి పూయలేదు. మీ సమాధానాలు అత్తగారికి చదివి వినిపించాను. పచ్చబొట్టు మాట వినగానే ఆవిడే సీసా మూత పెట్టేశారు. ఇంకొక సందేహం మిగిలింది. కెనడాలో ఉన్న మా ఆడపడుచు ఫోనులో, అక్కడ ఈ మందు వల్ల క్యాన్సర్ వస్తుందని అమ్మకం నుంచి తీసేశారని చెప్పింది. ఇన్నాళ్ళుగా పూసుకున్నవారి సంగతి ఏమిటి? మా వారి మచ్చల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? మొలతాడు తీసేయమంటే అత్తగారు అస్సలు ఒప్పుకోవడం లేదు.


సమాధానం | చర్మ వైద్యురాలు, అంబర్‌పేట

మీ ఆడపడుచు విన్నదానిలో నిజం ఉంది. 2019లో కెనడా ఆరోగ్య శాఖ ఈ మందు వల్ల క్యాన్సర్ ముప్పు పెరిగే అవకాశం ఉందని హెచ్చరిక జారీ చేసింది. దానికి మూలం చిట్టెలుకల మీద జరిగిన ప్రయోగాలు. వాటికి రెండేళ్ళ వరకు ప్రతిరోజూ ఆహారంలో ఈ రంగు కలిపి పెట్టినప్పుడు కాలేయంలో కణుతులు పెరిగాయి. అంటే అక్కడ మందు లోపలికి వెళ్ళింది, జీవితకాలం పాటు వెళ్ళింది. చర్మం మీద చిన్న చోట, అయిదు రోజులు పూయడం దానితో సమానం కాదు. కాబట్టి చిన్నప్పుడు పూయించుకున్నవారు భయపడనవసరం లేదని నా అభిప్రాయం. కానీ అదే సమాచారం నన్ను మరొక విధంగా జాగ్రత్తపరుస్తుంది. తల్లి చనుమొనలకు పూసి బిడ్డ చేత మింగించడం, నోటిపూతకు వారాల తరబడి రాయడం, పెద్ద తెరిచిన గాయాలకు పూయడం ఇప్పుడు నేను ఎవరికీ సూచించను. ఇంతకన్నా సురక్షితమైన మందులు చవకగా దొరుకుతున్నాయి. నోటిపూతకు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ ఉంది, చీముపొక్కులకు 2 శాతం మ్యుపిరోసిన్ లేపనం ఉంది. అవి అందుబాటులో లేని చోట జెన్షియన్ వయొలెట్ ఈనాటికీ విలువైనదే.

అత్తగారి వేళ్ళకు 0.5 శాతం ద్రావణం రోజుకు రెండుసార్లు నాలుగైదు రోజులు పూయవచ్చు, లేదా క్లోట్రిమజోల్ లేపనం వాడవచ్చు. చర్మం పచ్చిగా ఉంది కాబట్టి నేనైతే లేపనమే ఎంచుకుంటాను. అయితే ఆ చేతిని నీళ్ళలో పెట్టడం మానకపోతే రెండూ వ్యర్థమే. రబ్బరు చేతితొడుగుల లోపల పలచటి నూలు తొడుగులు వేసుకోవాలి, ఉంగరం ఉంటే తీయాలి, వేళ్ళ నడుమ ప్రతిసారీ తుడుచుకోవాలి. ఇంతకన్నా ముఖ్యమైనది, పరగడుపున రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. ఈ వయసులో క్యాండిడా పుండు వచ్చినప్పుడు, మధుమేహం ఇంకా తెలియనివారిలో దానితోనే బయటపడటం నేను తరచుగా చూస్తుంటాను.

మీ వారి విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. అది తామర. ఆయన వాడిన ట్యూబు పేరు మీరు చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు; రెండు రోజుల్లో దురద తగ్గి, మానగానే పెద్దదై రావడమే అందులో స్టెరాయిడ్ ఉందనడానికి గుర్తు. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, వాపును అణుస్తుంది, ఫంగస్‌ను మాత్రం చంపదు. ఫంగస్‌తో పోరాడే మన ఒంటి శక్తిని కూడా అది అణచివేయడం వల్ల మచ్చ లోలోపల పాకిపోతుంది. తొడ మూలల్లో చర్మం పలచబడి తెల్లటి చారలు పడితే అవి ఎప్పటికీ పోవు. అలాంటి చారలతో వచ్చే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ లేపనాలను వైద్యుల చీటీ లేకుండా అమ్మరాని జాబితాలో చేర్చింది, అయినా అడిగినవారికి అవి దొరుకుతూనే ఉన్నాయి.

తామరకు జెన్షియన్ వయొలెట్ సరైన మందు కాదు. పైగా ఊదారంగు కింద మచ్చ అంచు ఎక్కడిదాకా పాకిందో మాకు కనిపించదు. మన దేశంలో ఇటీవల విస్తరిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్, దానికి ఆ పేరు 2020లో పెట్టారు, టెర్బినఫిన్ మాత్రలకు సైతం చాలామందిలో లొంగడం లేదు. అందుచేత ఏ మాత్ర, ఎన్ని వారాలు అన్నది చూశాకే నిర్ణయించాలి. ఏ పూత మందు ఇచ్చినా మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర చుట్టూ రాయాలి, మచ్చ కనిపించకుండా పోయాక కూడా మరో రెండు వారాలు రాయాలి. చాలామంది దురద తగ్గిన రోజునే మానేస్తారు, మూడోసారి వచ్చేది అందుకే.

లోదుస్తులు, తువ్వాళ్ళు ఇంట్లో ఒకరివి మరొకరు వాడకూడదు. వేడినీళ్ళలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయాలి. వానాకాలంలో ఎండ లేని రోజు ఇస్త్రీ పెట్టె కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది. తడిసిన జీన్స్ ప్యాంటుతో రోజంతా బండి మీద తిరగడం మానాలి. మొలతాడు విషయంలో అత్తగారి మనసు నొప్పించకండి. చెమటతో తడిసి ఎప్పటికీ ఆరని ఆ నల్లదారం ఫంగస్‌కు నిలయమని, నయమయ్యేదాకా తీసి ఉంచి ఆ తరువాత కొత్తది కట్టవచ్చని వైద్యురాలు చెప్పిందని చెప్పండి. ఇంట్లో మరెవరికైనా అలాంటి మచ్చ ఉంటే వారికి కూడా ఒకేసారి వైద్యం జరగాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.


అడిగినవారి నుంచి, పన్నెండు రోజుల తరువాత

అబ్బాయికి బస్తీ దవాఖానాలో మ్యుపిరోసిన్ లేపనం ఇచ్చారు. ముఖం మీద ఎరుపు తప్ప పుండు లేదు. మోకాలికి మాత్రం నర్సమ్మగారు చెప్పినట్టే నానబెట్టి, కడిగి, 0.5 శాతం పూశాను. అయిదో రోజుకు ఎండిపోయింది. మూత్రం రంగు ప్రతిరోజూ గమనిస్తున్నాను. మా వారు ట్యూబు పారేశారు. మానిన మొదటి వారం దురద భరించలేనంతగా పెరిగింది. అది పాత మందు మానినందువల్లనేనని, ఓర్చుకోవాలని వైద్యులు చెప్పి మాత్రలు మొదలుపెట్టారు. మొలతాడు అత్తగారే తన చేత్తో విప్పారు. ఆవిడకు పరగడుపున చక్కెర 172 వచ్చింది. మళ్ళీ పరీక్ష చేయించి, ఈ గురువారం వైద్యుల దగ్గరకు తీసుకెళ్తున్నాను. గిన్నెలు తోమే పనికి ఒక మనిషిని పెట్టుకున్నాము.